ఆడవాళ్ళ పెట్టె

కొవ్వూరు,
2 మార్చి 2025.

వదినగారికి నమస్కారం.

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాయడానికి కారణం ఉంది. అడగాల్సింది రంగు గురించి. ఫోనులో ఫోటో తీసి పంపితే రంగు మారిపోతుంది.

దీనితోపాటు వచ్చిన పూతరేకుల డబ్బాలో పూతరేకులు లేవు. దూదిలో చుట్టిన రైలు పెట్టె ఒకటి ఉంది. అరచేతికంటే కొంచెం పొడుగు. చక్రాలు పట్టుకోకుండా పక్కలు పట్టుకుని తీయండి.

నౌపడా నుంచి గుణుపూరు వెళ్ళే మీ చిన్న లైను తీసేసి పెద్ద పట్టాలు వేశాక, "ఇంక నాన్న బండి చూడలేం కదే" అని మీరు సూర్యకళతో అన్నారట. తను అది మనసులో పెట్టుకుంది. రెండేళ్ళ కిందట బొమ్మ రైలు పెట్టెలు ఐదు, ఇంజను ఒకటి కొన్నాం. పాతవి, ఎవరో వాడినవి. విదేశంలో ఏదో కొండ రైలుకి నమూనాలు. పట్టాల మధ్య దూరం తొమ్మిది మిల్లీమీటర్లు. వాటిని మామగారు గార్డుగా నడిపిన బండిలా మార్చి మీకివ్వాలని తన ఆలోచన. కోత పని నాది. కిటికీలు మార్చాను, ఇత్తడి తీగతో ఊచలు పెట్టాను, లోపల చెక్క బల్లలు, బయట మెట్లు. రంగు పని తనది.

ఒక్క పెట్టె పూర్తి చేసింది. ఆడవాళ్ళ పెట్టె. "ముందు అక్కకి చూపిద్దాం. అక్క సరే అంటే మిగతా నాలుగూ వేద్దాం. నాకంటే అక్కకే బాగా గుర్తు" అంది. తరవాత జ్వరం వచ్చింది. ఆ పదకొండు రోజుల సంగతీ మీకు తెలుసు.

మిగతా నాలుగూ పాత రంగు తీసి ప్రైమరు వేసి ఉన్నాయి. కార్తీక బహుళ పంచమికి తన సంవత్సరీకం. మీరు వస్తారు కాబట్టి అప్పటికి ఐదూ పూర్తిచేసి మీ చేతికివ్వాలి. ఈ సంవత్సరం నేను చెయ్యాల్సిన పని ఇదొక్కటే ఉంది.

రంగు అదో కాదో చెప్పి పెట్టె తిప్పి పంపండి. తను వేసినది అదొక్కటే.

నేను బాగానే ఉన్నాను. చేపలమ్మే చిట్టెమ్మ పొద్దున్నే వచ్చి వంట కూడా చేసి వెళ్తోంది.

ఇట్లు,
జానకిరామ్


టెక్కలి,
14 మార్చి 2025.

మరిదిగారికి మీ వదిన రత్నమాణిక్యం ఆశీస్సులు.

డబ్బా చూసి మా కోడలు బేబి ఎంత సంబరపడిందో! ఆత్రేయపురం పూతరేకులనుకుని కత్తెర పట్టుకుని కూర్చుంది. దూది తీసి, "ఏటత్తా ఇది, మావయ్యగారు దూది పంపించారు, దూదిలో రైలు పంపించారు, మరి స్వీటేదీ" అంది. నేను నవ్వాను. ఆ తరవాత కిటికీ ఊచలు చూసి నవ్వలేకపోయాను. ఆ ఊచలకి మొహం ఆనించుకునే కదండీ నేనూ సూర్యా పాతపట్నం దాకా వెళ్ళేవాళ్ళం! ఊచ ముద్ర నుదుటి మీద పడితే అమ్మ తిట్టేది.

"స్త్రీలు" అని రాసిందే, అది భూతద్దం పెట్టి చూశాను. ఆవగింజంత అక్షరానికి వత్తు కూడా వేసింది, పిచ్చిది. బళ్ళో దాని చేతిరాతకి బహుమతి ఇచ్చారు, మీకు తెలుసా? పళ్ళెం ఇచ్చారు. ఆ పళ్ళెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అడిగేది గాని నేనివ్వలేదు.

ఇక రంగు. మీరు అడిగారు కాబట్టి దాచకుండా చెప్పాలి. ఇది కాదు మరిదిగారూ. ఇంత మట్టి రంగు కాదు. ఇది చీకట్లో పెట్టిన ఇటుకలా ఉంది. మన బండి వస్తే పొలాల మధ్య కళకళ్ళాడుతూ కనిపించేది. పచ్చని వరిచేలో ఎర్రగా. సూర్య అప్పటికి చిన్నది, నాన్నకి పర్లాకిమిడి నుంచి బదిలీ అయ్యేసరికి దానికి ఏడేళ్ళు. దానికెలా గుర్తుంటుంది? నేను పదిహేనేళ్ళ దాన్ని. నాన్న ఒళ్ళో కూర్చుని గార్డు పెట్టెలో తిరిగినదాన్ని.

పెట్టె రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. మళ్ళీ అదే డబ్బాలో పెట్టాను, కింద జీడిపప్పు పాకం అచ్చులు పెట్టాను. తినండి. చిట్టెమ్మకీ ఒకటి పెట్టండి.

మీ వదిన,
రత్నమాణిక్యం


కొవ్వూరు,
25 మార్చి 2025.

వదినగారికి నమస్కారం.

పెట్టె క్షేమంగా చేరింది. అచ్చులు తిన్నాను.

మీరు కాదంటే కాదు. మీకు చూపించమని తనే చెప్పింది.

నాలుగు ప్లాస్టిక్ ముక్కల మీద నాలుగు రంగులు వేసి పంపుతున్నాను. వెనక అంకెలు ఉన్నాయి. ఏది దగ్గరగా ఉందో చెప్పండి. తను ఏ రంగు ఎంత కలిపిందో ఎక్కడా రాసుకోలేదు. కంటితో చూసి కలిపేది.

పళ్ళెం సంగతి తెలుసు. చాలాసార్లు చెప్పింది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. గోదావరి మధ్యలో ఇసుక తేలింది.

జానకిరామ్


టెక్కలి,
11 ఏప్రిల్ 2025.

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

మీరు వేళాకోళం ఆడే మనిషి కాదని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఆ మూడో నంబరు ముక్క ఏటండీ? ఆకుపచ్చ! పాకుడు పట్టిన గోడలా ఉంది. నాన్న బండి పచ్చరంగు బండా? బేబి దాన్ని తిప్పితిప్పి చూసి, "అత్తా, మావయ్యగారు పాలిటెక్నిక్ మాస్టారు కదా, పరీక్ష పెడుతున్నారు. తప్పు ఆన్సరు ఒకటి కలిపి ఇస్తారు, మీరు పడిపోతారేమోనని" అంది. అది నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను ఇంత మనసు పెట్టి చూస్తుంటే మీరు ఏదో చేతికొచ్చింది పూసి పంపేశారా అనిపించింది. మనసులో ఉంచుకోవడం నాకు చేతకాదు, అందుకే రాసేశాను.

మిగతా మూడూ ఒకలాగే ఉన్నాయి. అన్నీ మందంగా, పొగ పట్టినట్టు. మిట్టమధ్యాహ్నం అరుగు మీద కూర్చుని చూశాను. ఇంట్లో చూస్తే ఏమీ తెలియడం లేదు, ఈ కొత్త బల్బులు వెలుగే ఇవ్వవు. ఉదయ్‌కుమార్‌తో మార్చమంటే "అమ్మా, మొన్ననే మార్చాను" అంటాడు.

ఎలా చెప్పను మీకు? చింతపండు చూడండి. నల్లబడిన పాతది కాదు, కొత్త చింతపండు. గింజ తీశాక వెలుగులో పట్టుకుంటే కనిపించే ఎరుపు. అదీ మన బండి. ఎరుపు ఇంకా పెంచండి.

కోపంగా రాశానని అనుకోకండి. వేళకి తింటున్నారా?

మీ వదిన


కొవ్వూరు,
4 మే 2025.

వదినగారికి నమస్కారం.

మూడో నంబరు విషయం క్షమించండి. సీసాలు కడిగినప్పుడు మూతలు మారిపోయాయి. వేళాకోళం కాదు.

కొత్త చింతపండు పావుకిలో తెప్పించాను. గింజ తీసి కిటికీ దగ్గర పెట్టి చూశాను. మిగిలింది చిట్టెమ్మ పులుసులో వేసింది.

ఈసారి ఆరు ముక్కలు. ఒకటో దానికంటే రెండోదానిలో ఎరుపు రెండు చుక్కలు ఎక్కువ, రెండో దానికంటే మూడోదానిలో ఇంకో రెండు. ఆరు దాకా అలాగే. చుక్కలు లెక్కపెట్టి వేశాను, కాబట్టి మీరు అంకె చెబితే మళ్ళీ అదే కలపగలను. చిట్టెమ్మని అడిగితే ఆరూ బావున్నాయంది. తను దేన్నీ బాగాలేదని అనదు.

భోజనం వేళకే చేస్తున్నాను. రాత్రి చపాతీ.

జానకిరామ్


టెక్కలి,
2 జూన్ 2025.

మరిదిగారికి వదిన ఆశీస్సులు, ఒకటి కాదు వంద.

ఆరు! ఆరో నంబరు! అరుగు మీద ఆరూ వరసగా పెట్టి, కళ్ళు మూసుకుని, నౌపడా స్టేషను తలుచుకుని కళ్ళు తెరిచాను. అదే. ఐదు కూడా కాదు, ఆరే. దాన్ని మీకు తిప్పి పంపను, నా దేవుడి గూట్లో పెట్టుకున్నాను. మీకెలాగూ చుక్కల లెక్క ఉంది కదా.

ఎన్ని గుర్తొచ్చాయో! నాన్న పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకుని పరిగెత్తి ఎక్కేవారు. బండి వేగం ఎంతనుకున్నారు? టెంబూరు దగ్గర దిగి, జామకాయలు కొనుక్కుని, నడిచొచ్చి మళ్ళీ ఎక్కేవాళ్ళు కుర్రాళ్ళు. సూర్యకి బండి కదిలితే నిద్ర, ఆగితే ఏడుపు.

నాన్న మిమ్మల్ని ఏమనేవారో మీకు తెలీదు. "అందరూ రైల్వే ఉద్యోగం కోసం కాళ్ళు పట్టుకుంటుంటే, వచ్చిన స్టేషన్ మాస్టరు పోస్టు వద్దనుకున్న మొండివాడు నా అల్లుడు" అనేవారు. కొంత కోపం, కొంత గర్వం. రైళ్ళంటే ఇంత ఇష్టం ఉన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో నాకూ అర్థం కాలేదు. సూర్యని అడిగితే మాట మార్చేది.

ఒక్క మాట. ఐదు పెట్టెలూ ఒకే రంగు ఉండాలి. ఒకటి వేరేగా ఉంటే నాన్న ఊరుకునేవారు కాదు, మెమో రాసేవారు. సూర్య వేసినదాన్ని కూడా మార్చెయ్యండి. నాలుగూ వెలుగుతుంటే అదొక్కటీ దిగులుగా ఉంటుంది. అక్క చెప్పిందంటే అదేమీ అనుకోదు.

బేబి నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని వారం నుంచి పోరుతోంది. నిన్న కాఫీలో ఉప్పు వేశాను, అంతే.

మీ వదిన


కొవ్వూరు,
13 జులై 2025.

వదినగారికి నమస్కారం.

పని అయింది.

నాలుగు పెట్టెలకి ఆరో నంబరు కలిపి వేశాను. రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరబెట్టి. పైకప్పులు బూడిద రంగు. వానలకి గాలిలో తేమ ఎక్కువై మొదటి పూత మసకేసింది. గీకి మళ్ళీ వేశాను.

ఐదోది ఆడవాళ్ళ పెట్టె. నాలుగూ ఆరాక పదిరోజులు బల్ల మీదే ఉంచాను. నిన్న శనివారం ఉదయం పదిన్నరకి స్పిరిట్‌లో పెట్టాను. అద్దాలూ బల్లలూ ముందే తీసేశాను. ముప్పావుగంట ఉంచాలి. ఇరవై నిమిషాలకి మూత తీసి చూస్తే "స్త్రీలు" అప్పటికే లేదు. సన్నటి గీత కదా, ముందు అది పోతుంది. గోడల రంగు తరవాత పొరలుగా లేచింది. పాత టూత్ బ్రష్‌తో మూలలు శుభ్రం చేశాను. కిటికీ ఊచల వెనక కొంచెం ఉండిపోతే గుండుసూదితో తీశాను. పదకొండుంపావుకి ప్లాస్టిక్ బయటపడింది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను.

సాయంత్రం ప్రైమరు వేశాను. ఈరోజు ఆరో నంబరు ఒక పూత వేశాను. అక్షరాలు నేను రాయలేను, రాజమండ్రిలో స్టిక్కర్లు చేసేవాళ్ళని అడగాలి.

ఐదూ ఒకే రంగు అయ్యాయి.

మీ కళ్ళు చూపించుకున్నారా?

జానకిరామ్


టెక్కలి,
7 సెప్టెంబరు 2025.

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

నేనే రాస్తున్నాను, నా కంటితో. ఆగస్టు పంతొమ్మిదిన శ్రీకాకుళంలో కుడికంటికి శుక్లం తీశారు. ముదిరిపోయిందట. డాక్టరమ్మ, "ఇన్నాళ్ళూ ఈ కన్నుతో ఏం చూశారమ్మా" అంది. మీరు జులైలో రాసిన ఉత్తరం బేబి చదివింది, నాకు అక్షరాలు ఆనలేదు. చదివి, "బళ్ళు అన్నీ అయిపోయాయంటత్తా, వానలంట, కళ్ళు చూపించుకోమన్నారు" అంది. అంతే చెప్పింది.

కట్టు విప్పి ఇంటికొచ్చాక ఏం చూశానో చెప్తాను. మా గోడలు తెల్లగా ఉన్నాయండీ. పసుపు అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఉదయ్‌కుమార్ తల నెరిసింది. వాడికి రంగు వేసుకోమని చెప్పాలి. బేబి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, పెళ్ళైన పదేళ్ళకి చూశాను. "పోన్లెండత్తా, ముందే చూసుంటే సంబంధం వద్దనేవారేమో" అంది.

అప్పుడు దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాను.

మరిదిగారూ, ఆ ఆరో నంబరు ముక్క కుంకుమలా ఉంది. తీర్థంలో అమ్మే లక్కపిడత రంగు. నాన్న బండి అది కాదు. ఏ బండీ ఆ రంగులో ఉండదు. ఎడమకన్ను మూసి చూశాను, కుడికన్ను మూసి చూశాను. ఎడమకంటికి ఇప్పటికీ అదే నాన్న బండి. కుడికంటికి కాదు. అద్దం ముందు కూర్చుని ఏడిస్తే బేబి వచ్చి, ఏడవకూడదు, కన్ను పాడవుతుందని చుక్కల మందు వేసింది.

అంటే సూర్య వేసినదే సరైనదేమో. చీకట్లో ఇటుక అని రాశాను. చీకటి నా కంట్లో ఉంది.

ఆడవాళ్ళ పెట్టె ఇంకోసారి పంపండి. మార్చమని నేనే రాశాను గాని మీరు మార్చి ఉండరు. అది మా చెల్లెలు వేసినది, మీకు చేతులు రావు. నాకు తెలుసు. కుడికంటితో ఒక్కసారి చూస్తాను. చూసి, మిగతా నాలుగూ ఎలా దిద్దుకోవాలో అప్పుడు చెప్తాను.

త్వరగా పంపండి.

మీ వదిన


కొవ్వూరు,
18 సెప్టెంబరు 2025.

వదినగారికి నమస్కారం.

కన్ను బాగుపడినందుకు సంతోషం. మందు మానకండి.

ఆ పెట్టె మార్చేశాను. జులై ఉత్తరంలో రాశాను. బేబి చదివి మీకు చెప్పి ఉండదు. ఆమెని ఏమీ అనకండి.

రంగు ఎక్కడైనా మిగిలిందా అని అడుగుతారు. స్పిరిట్ సీసా అడుగున ఉంది. కాని అంతకుముందు మిగతా నాలుగు పెట్టెల పాత రంగూ అదే సీసాలో తీశాం. అంతా ఒకటే బురద. తను కలిపిన గిన్నె నవంబరులోనే చిట్టెమ్మ కడిగేసింది. ఫోటో తీసుకోలేదు. తోచలేదు.

మీకు ఒక విషయం చెప్పాలి. ముందే చెప్పాల్సింది.

నేను రైల్వే ఉద్యోగం వద్దనలేదు. పరీక్ష పాసయ్యాను. మెడికల్‌లో చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదవమన్నారు. చదవలేకపోయాను. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. గోధుమరంగు కూడా వాటిలోకే పోతుంది. పుట్టుకతో వచ్చింది. మామగారు రైల్వే మనిషి కాబట్టి సంబంధం తప్పిపోతుందని, ఉద్యోగం నేనే వద్దన్నానని మా ఇంట్లోవాళ్ళు చెప్పారు.

పెళ్ళైన నెలకి సూర్యకళ ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తెమ్మంది. ఇంకేదో తెచ్చాను. మార్చుకురమ్మంటే మళ్ళీ అదే తెచ్చాను. అప్పుడు తెలుసుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పలేదు. నా చొక్కాలు తనే తీసి పెట్టేది. అరటిపళ్ళు తనే ఏరేది. నేను పట్టాలు వేసుకునేవాణ్ణి, రంగులు తను చూసుకునేది. మూడో నంబరు ఆకుపచ్చ అని మీరు రాసేదాకా నాకు తెలీదు. ఆ ఆరు ముక్కలూ నాకు ఒకటే. చింతపండు కూడా.

అందుకే మీరు చెప్పిన అంకె పట్టుకుని వేశాను.

మీ తప్పు ఏమీ లేదు.

జానకిరామ్


టెక్కలి,
5 అక్టోబరు 2025.

మరిదిగారికి.

మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. పండగ వెళ్ళనిచ్చి రాద్దామని ఆగాను.

నా తప్పు లేదని రాశారు. ఎందుకు లేదు? దాన్ని చేత్తో పట్టుకుని చూసి కాదన్నదాన్ని నేను. మార్చెయ్యమన్నదీ నేనే. మీ జులై ఉత్తరం బేబి మళ్ళీ పైకి చదివింది, సూదితో ఊచల వెనక తీశానన్న చోట ఆగిపోయింది. నేనే తీసుకుని మిగతాది చదువుకున్నాను.

కాని మీ తప్పూ ఉంది, చెప్తాను. మీకు కనిపించదని మొదటి ఉత్తరంలోనే ఒక్క ముక్క రాసి ఉంటే, నేను బేబిని కూర్చోబెట్టి చూడమనేదాన్ని. వీధిలో పదిమందిని అడిగేదాన్ని. చూపు లేనిదాన్ని నేను, రంగు తెలియనివారు మీరు, మనిద్దరం కలిసి ఏడు నెలలు పోస్టులో రంగులు తేల్చామండీ! ఎవరైనా వింటే నవ్వుతారు. బేబి మాత్రం నవ్వలేదు.

సూర్య కూడా నాకు చెప్పలేదు. నలభై ఏళ్ళు. దాని పురుళ్ళు రెండూ పోయినప్పుడు నా ఒళ్ళోనే కదా పడుకుంది. మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియనిది ఇంత ఉందని ఇప్పుడు తెలిసింది. కోపంగా ఉంది. మీ మీదో దాని మీదో తెలియడం లేదు.

ఇప్పుడు నన్ను రంగు అడక్కండి. నిజంగా చెప్తున్నాను, నాన్న బండి ఏ రంగో నాకు పోయింది. కళ్ళు మూసుకుంటే ఒకసారి కుంకుమ వస్తోంది, ఒకసారి ఇటుక వస్తోంది. ముందు స్పష్టంగా ఉండేది. ఇప్పుడు అసలు చూశానా అనిపిస్తోంది.

పంచమికి వస్తాను. చెల్లెలి కోసం వస్తాను, ఉదయ్‌కుమార్, బేబి తీసుకొస్తారు. ఆ బండి మాత్రం నాకు చూపించకండి. లోపల పెట్టెయ్యండి.

రత్నమాణిక్యం


కొవ్వూరు,
1 నవంబరు 2025.

వదినగారికి నమస్కారం.

తుఫానుకి ఇక్కడ రెండు రోజులు కరెంటు లేదు. పెరట్లో మునగ పడిపోయింది. ఇల్లు బాగానే ఉంది. మీరు బయలుదేరే రోజుకి బళ్ళు మామూలుగా నడుస్తాయట. కనుక్కుని బయలుదేరండి.

గోష్పాద రేవులో పంతులుగారితో మాట్లాడాను. తొమ్మిదో తేదీ ఆదివారం, ఎనిమిదింటికి రమ్మన్నారు.

కరెంటు లేని రెండు రోజులూ కిటికీ దగ్గర కూర్చుని పని చేశాను. ఆడవాళ్ళ పెట్టెని మళ్ళీ స్పిరిట్‌లో పెట్టి ఆరో నంబరు తీసేశాను. మిగతా నాలుగూ అలాగే ఉంచాను. అవి మీరు చూసిన రంగు.

దీనికి రంగు నేను కలిపాను. ఎవరినీ అడగలేదు. రంగు తెలియకపోయినా ముదురూ లేతా నాకు బాగా తెలుస్తాయి. తను వేసిన పెట్టె ఎంత ముదురుగా ఉండేదో గుర్తుంది. పది రోజులు దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను కదా. ఆ ముదురు వచ్చేదాకా సీసాలు మార్చి మార్చి కలిపాను. ఏ సీసాలు వాడానో చూసుకోలేదు. పేర్ల కాగితాలు ముందే తీసేశాను. పేరు చూస్తే పేరును బట్టి వేస్తాను.

రెండు పూతలు వేశాను. "స్త్రీలు" కూడా నేనే రాశాను. ఆరుసార్లు చెరిపి రాశాను. వత్తు సరిగా రాలేదు.

నా కంటికి అది తను వేసిన పెట్టే.

మీరు చూడనన్నారు. చూడండి. ఏ రంగులో ఉందో మాత్రం నాకు చెప్పకండి.

జానకిరామ్


టెక్కలి,
16 నవంబరు 2025.

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

క్షేమంగా చేరాం. రైల్లో నాకు కింద బెర్తే దొరికింది గాని, ఎదురుగా ఉన్నాయన తుని దాకా ఫోనులో పొలం బేరం ఆడాడు, ఎకరం ఎంతకి తెగిందో బోగీ అంతకీ తెలుసు. ఉదయ్‌కుమార్ మధ్యలో దూరి సలహా ఇచ్చాడు కూడా.

పంతులుగారు మరీ తొందరపడ్డారు. గోత్రం చెప్పేలోపే తరవాతి మంత్రం. అయినా మీరు మాత్రం తొందరపడకుండా నీళ్ళు వదిలారు, చూశాను. చిట్టెమ్మ ఆరోజు చేపల బుట్ట ఎత్తకుండా నేరుగా వచ్చి, స్నానం చేసి కంద కూర తరిగింది. "అమ్మగారు నా దగ్గర బేరం ఆడేవారు కాదండీ, అందుకే మంచివే ఇచ్చేదాన్ని" అని ఏడ్చింది. అది నాకు మంచిమాటగా అనిపించింది. మీ ఇంట్లో ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసి ఉంది. దాన్ని మార్చాను. బీరువాలో చీరలు అలాగే ఉంచమన్నారు, ఉంచాను.

మీ బల్ల దగ్గర బండి చూపించారు. నడిపారు. మూడు చుట్లు తిరిగింది. ఆడవాళ్ళ పెట్టె చేతికిచ్చారు, చూశాను. బేబి ఏదో అనబోతే మోచెయ్యి గిచ్చాను. అది ఇప్పటికీ కందిపోయిన చోటు చూపిస్తోంది. చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు, రాయడమూ లేదు.

నాలుగు పెట్టెలూ ఇంజనూ ఇక్కడ టీవీ పక్కన పెట్టాం. బాగా వెలుగుతున్నాయి, వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు. మా నాన్న బండి అని చెప్తున్నాను. ఆడవాళ్ళ పెట్టె మీ బల్ల మీదే ఉండాలనిపించి వదిలేశాను. మరిచిపోయి కాదు.

ఎడమకంటికి జనవరిలో చేస్తారట. అప్పటిదాకా రెండూ తలో మాట చెప్తాయి.

వేళకి తినండి. చిట్టెమ్మ రాని రోజు ఫోను చెయ్యండి, బేబి వంట చెప్తుంది.

మీ వదిన,
రత్నమాణిక్యం


కొవ్వూరు,
24 నవంబరు 2025.

వదినగారికి నమస్కారం.

మీరు చేరినట్టు తెలిసి సంతోషం. పట్టాలు ఇక్కడ మిగిలాయి, పార్సిల్ చేస్తాను.

మీరు వెళ్ళాక వారం రోజులు పెట్టె బల్ల మీద ఉంచుకుని చూశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వెలుగు మారినప్పుడు ముదురు మారుతోంది. అంతకుమించి నాకు ఏమీ తెలియడం లేదు.

మీరు దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. బేబి ఏమనబోయిందో నాకు తెలీదు.

చిట్టెమ్మ రోజూ అక్కడే ఊడుస్తుంది. అడిగితే చెబుతుంది. తనని అడగదలచుకోలేదు.

చెప్పొద్దని రాసింది నేనే. ఇప్పుడు అడుగుతున్నాను. మార్చడానికి కాదు. ఇంక దాన్ని స్పిరిట్‌లో పెట్టను.

అది ఏ రంగులో ఉంది?

కార్డు మీద ఒక్క మాట రాసినా చాలు.

జానకిరామ్